నోట్లో చేప పెట్టుకున్న కొంగ

అనగనగా కొల్లేటి గట్టున ఒక ఊరుంది. ఆ ఊళ్ళో వకుళ అని ఒకావిడ పిల్లలకి నాట్యం నేర్పేది. మాట లేదు, పాట లేదు. మద్దెల దరువుకి ఒట్టి కాళ్ళూ చేతులూ కళ్ళతోనే కథ చెప్పించేది. అంతా బాగానే ఉండును, ఆవిడకి భుజంగం అనే మేనమామ లేకపోతే!

ఆయన నోరు ఊరుకోదు. పైగా ఊళ్ళో మైకుసెట్టు ఆయనదే. మొదటిసారి ఆట మొదలైందో లేదో, మైకు అందుకున్నాడు. "అదిగో బాతు! గుడ్డు పోయిందని ఊరంతా వెతుకుతుంది, చివరికి అది తన రెక్క కిందే ఉంటుంది!" అని కథంతా కక్కేశాడు. ఇంకేం చూస్తారు? జనం తువ్వాళ్ళు దులుపుకుని లేచిపోయారు. వకుళకి ఒళ్ళు మండింది. మేనమామాయె, ఏమనగలదు?

రెండోసారి ఆటకి ఆవిడ మైకు దాచేసింది. ఆయన ముందు వరసలో కూర్చుని పక్కవాళ్ళకి చెప్పడం మొదలెట్టాడు. ఆ గొంతుకి మైకెందుకు, నా తలకాయ! మళ్ళీ అందరూ లేచిపోయారు. "ఇంకోసారి ఇలాగే అయితే మా పిల్లల్ని పంపం" అన్నారు తల్లులు. వకుళకి ఏడుపొక్కటే తక్కువ.

ఆగు, మధ్యలో "చివరికేమైంది" అని అడక్కు. నువ్వూ ఆ భుజంగానివే!

ఆ తర్వాత ఆవిడ కొత్త కథ కట్టింది. "మావయ్యా, ఇందులో కొంగవి నువ్వే" అంది. ఆయన పొంగిపోయాడు. కొంగ నోట్లో చెక్క చేపపిల్ల. తల్లి చేప వచ్చి బతిమాలేదాకా దాన్ని పళ్ళతో పట్టుకోవాలి. ముందే నోరు తెరిచాడా, చేప జారిపోతుంది, కథ చెడిపోతుంది.

మూడోసారి ఆట మొదలైంది. "ఆ అల్లాడేది ఏమిటర్రా?" అంది జనంలోంచి పేరిందేవమ్మ అనే ముసలావిడ. చెప్పాలని ఆయన నాలిక దురద పెట్టింది. అయినా ఆయన పళ్ళు బిగించాడు. చెప్పేవాడు లేక పేరిందేవమ్మ తనే కళ్ళు చికిలించి చూసింది. "ఓహో, తల్లి చేపా!" అంది.

అప్పుడు తల్లి చేప వేషం కట్టిన పిల్ల చేతులు చాచి, కళ్ళతో బతిమాలింది. భుజంగానికి నిజంగానే కన్నీళ్ళొచ్చాయి. అయ్యో అని నోరు తెరిచాడు. చేపపిల్ల జారి, నీళ్ళకని పరిచిన నీలం చీర మీద పడింది. సరిగ్గా పడాల్సినప్పుడే పడింది. ఒక్కరూ లేవలేదు. వకుళకి ప్రాణం లేచొచ్చింది.

మరి ఆయన ఊరుకున్నాడా? పరుగున వెళ్ళి, దాచిన మైకు వెతికి అందుకున్నాడు. "అయ్యలారా, కొంగ ఎందుకు వదిలేసిందంటే..."

"నోర్ముయ్యరా భుజంగం! మాకు తెలిసింది" అంది పేరిందేవమ్మ, కళ్ళొత్తుకుంటూ.

ఎందుకు వదిలేసిందని నన్నడక్కు. కళ్ళు మూసుకో, నీకే తెలుస్తుంది.

చేప నీటికి, కొంగ గూటికి,
కథ కంచికి, కన్ను నిద్దరకి.