సున్నం అందని దిబ్బ

చర్చి వెనక సమాధుల తోటకి కాపలాదారు యోబు. ఆయనకి ఒక గొర్రె, ఒక మేకపోతు ఉన్నాయి. గొర్రెకి కనబడిందల్లా అడిగి తెలుసుకోవాలని ఆరాటం. మేకపోతుకి తెలివి ఎక్కువ, ఆకలి అంతకన్నా ఎక్కువ.

నవంబరు రెండున సమాధుల పండుగ వచ్చింది. యోబు వారం రోజులు కష్టపడి సున్నం వేసిన సమాధుల మీద జనం పొద్దున్నే బంతి దండలు పరిచి, భోజనాలకి ఇళ్ళకి వెళ్ళారు. సాయంత్రం ఫాదర్ గారి ప్రార్థనకి మళ్ళీ వస్తారు. కిందటేడు సరిగ్గా ఈ మధ్యలోనే దండలు మాయమై, యోబు నలుగురిలో మాటపడ్డాడు. అందుకే ఈసారి ముందే చెప్పేశాడు, పూలు ఎవరి నోట్లో కనబడితే వాళ్ళు క్రిస్మస్ విందుకి కూరవుతారని. అప్పటినుంచి గొర్రె ఆ దండల వైపు చూడ్డానికే భయపడుతోంది.

అయినా అడక్కుండా ఉండలేకపోయింది.

"బావా, తినలేనివాళ్ళకి పూలెందుకు పెడతారు?"

"తినగలిగినవాళ్ళ కోసం," అంది మేకపోతు.

"మరి ఆ మూల గడ్డి దిబ్బకి ఒక్క పువ్వూ లేదేం? సున్నం కూడా వెయ్యలేదు."

"నా అన్నవాళ్ళు లేరేమో. మనకెందుకే?"

అంటూనే మేకపోతుకి ఉపాయం తట్టింది. గేటు దగ్గర కాపలా ఉన్న యోబుకి ఆ మూల కనబడదు. దండలు గొర్రె తెస్తే తను తినొచ్చు, కాలిగుర్తులు మాత్రం గొర్రెవి.

"పూలు పెడితే ఆ దిబ్బ ఎలా ఉంటుందో చూడాలని లేదటే? నోట్లో కనబడితేనేగా తప్పు. మెడకి తగిలించుకుని పట్రా."

గొర్రెకి నిజంగానే చూడాలనిపించింది. రెండు మూడు దండలున్న సమాధులు చూసుకుని, ఒక్కోదాని నుంచి ఒక్కటే తెచ్చి దిబ్బ మీద పరిచింది. చివరి దండ మెడలో ఉండగానే మేకపోతు దిబ్బ మీదికి దూకి పూలు కొరికింది.

"వద్దు బావా, అవి తినడానికి పెట్టలేదు," అని గొర్రె బతిమాలుతుండగానే యోబు వచ్చాడు. చేతిలో డబ్బా ఉంది. ఊరందరి సమాధులకీ వెయ్యగా అడుగున మిగిలిన సున్నం అది. దిబ్బని చూసి అలాగే నిలబడిపోయాడు.

"దీనమ్మా," అన్నాడు ఆ దిబ్బ కింద ఉన్న తన భార్యతో, "నీకు పూలెవరు పెట్టారే?"

తలెత్తితే మేకపోతు గడ్డం నిండా బంతి రేకులు. గొర్రె కళ్ళు మూసుకుంది. యోబు దాని మెడలోని దండ తీసి భార్య మీద పరిచాడు, మేకపోతు మెడకి తాడు కట్టాడు.

సాయంత్రం ఎవరి దండ వాళ్ళు గుర్తుపట్టారు గానీ, ఎవరూ వెనక్కి తీసుకోలేదు. ఫాదర్ గారు ప్రార్థన ఆ మూల నుంచే మొదలుపెట్టారు.

క్రిస్మస్ వెళ్ళాక గొర్రెకి ఇంకో సందేహం వచ్చింది. అడుగుదామంటే బావ లేడు.

ఇందులో నేర్చుకోవలసింది: ఎవరూ రాని చోటికి నువ్వు మోసుకెళ్ళిన పువ్వే నీ తరఫున మాట్లాడుతుంది.