తంగేడుదిన్నె పలుకులమ్మ గడప

పెన్నేటి ఉత్తరపు ఒడ్డున, ఇసుక మేటలు గట్టిపడి తంగేడు పొదలు కమ్ముకున్న చోట, తంగేడుదిన్నె అనే చేనేత గ్రామం ఉంది. బస్సు దిగిన యాత్రికులు గోపురం కోసం చూస్తే కనిపించదు. నేతవీధిలో, ఇళ్ల వరుసలోనే, రెండు పెంకుటిళ్ల నడుమ ఇంటి ఎత్తుకు మించని కట్టడం ఒకటి ఉంటుంది. అదే పలుకులమ్మ గుడి. ద్వారబంధం ఉంది గాని తలుపు రెక్కలు లేవు. గంట లేదు. లోపల విగ్రహం కూడా లేదు. పసుపు పూసిన నల్లరాతి గడప ఒకటి, ఇంటి గడప ఎలా ఉంటుందో అలాగే నేల మీద అడ్డంగా ఉంటుంది. దానికే పూజ. వీధిలోని నేతగత్తెలే వంతుల వారీగా ఆ పూజ చేస్తారు.

ముందు మండపంలో ఒక స్తంభం మీద అరిగిపోయిన శాసనం ఉంది. చాలామంది దానిని అమ్మవారి చరిత్ర అనుకొని కళ్లకద్దుకుంటారు. చదవగలిగినంత మేర అందులో ఉన్నది మగ్గాల పన్ను తగ్గించిన సంగతి మాత్రమే. అమ్మవారి ఊసు లేదు. స్థలపురాణం మనకు దక్కింది వీధిలోని స్త్రీల నోట. చెప్పేవారిని బట్టి కొన్ని వివరాలు మారుతుంటాయి. అలా మారే చోట ఆ మాట దాచకుండా చెప్పడమైనది.

పూర్వం ఇక్కడ, ఇప్పుడు గుడి ఉన్న చోట, సుంకులమ్మ అనే నేతగత్తె ఇల్లు ఉండేది. భర్త గుడ్డల మూటలు ఎత్తుకొని ఏటి అవతలి సంతకు పోయి ఉన్నాడు. ఇంట్లో ఆమె, చిన్న కూతురు నాగి. పక్కింట్లో ఓబుళమ్మ అనే ముసలామె ఒంటరిగా ఉండేది. రెండిళ్లకూ నడుమ గోడ ఒకటే. ఓబుళమ్మ నోరు పెద్దది. పడుగు నూలును వీధి పొడవునా సాగదీసి గంజి పెట్టే వేళ, కుంచె పట్టిన ప్రతివారికీ ఆమె చేత చీవాట్లు తప్పేవి కావు. అయినా ఆమె లేకుండా ఎవరూ పడుగు పరిచేవారు కారు. గంజి పెట్టడం ఒంటిచేతి పని కాదు. వీధంతా చెయ్యి వేస్తేనే ఒక ఇంట్లో మగ్గం ఆడుతుంది.

ఆ ఏడు ఎగువ ఊళ్లలో గత్తర పుట్టింది. వాంతులు, భేదులతో, పొద్దున నడిచి తిరిగిన మనిషి పొద్దుగూకేసరికి కట్టెబారిపోయేవాడు. జబ్బు కంటే ముందు దాని కబురు తంగేడుదిన్నెకు చేరింది. ఆ కబురు వెంట మరొక మాట వచ్చింది. జబ్బును తెచ్చే మారెమ్మ ఊళ్లోకి కాలినడకన, ఒంటరిగా వస్తుందట. వాకిలి ముందర నిలిచి, బాగా ఎరిగిన మనిషి గొంతుతో పేరు పెట్టి పిలుస్తుందట. పలికితే ఆ పలుకు పట్టుకొని లోపలికి వస్తుందట. పలకకపోతే గడప దాటలేదట.

ఈ మాట ఎవరు తెచ్చారో తెలియదు. వీధి పెద్ద కంబగిరిసెట్టి దానిని కట్టుబాటు చేశాడు. ఇంటింటి ముందరా నిలబడి పేరు పేరునా పిలిచి చెప్పాడు.

“ఎవురు పిలిచినా పలకొద్దు. అమ్మ గొంతైనా సరే, బిడ్డ గొంతైనా సరే. పలికినోళ్లు ఒక్కరే పోరు, వీధిని వెంటబెట్టుకొని పోతారు.”

“ఇప్పుడు నువ్వు పిలిచినావు, నేను పలికితి గదరా సెట్టీ, నా గతేంది?” అని ఓబుళమ్మ తన వాకిట్లోంచి అడిగింది.

ఒకరిద్దరు నవ్వారు. ఆ వీధిలో చాలాకాలం పాటు వినిపించిన ఆఖరి నవ్వు అదే.

తలుపులు మూతపడ్డాయి. మగ్గాలు ఆగిపోయాయి. మగ్గం చప్పుడు లేని వీధిని సుంకులమ్మ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వినలేదు. ఆ నిశ్శబ్దంలో చిన్న చిన్న చప్పుళ్లు పెద్దవయ్యాయి. ఎవరో కక్కుకుంటున్న శబ్దం. పాలు తాగని దూడ అరుపు. వీధి చివర నుంచి “అన్నా… అన్నా…” అని ఒక మగగొంతు. అది లింగన్న గొంతులాగే ఉంది. అతని అన్న ఇల్లు పక్కనే. పిలుపు సన్నబడింది, ఆగింది. ఏ తలుపూ కదలలేదు. మారెమ్మ అటునుంచి అటే మళ్లిపోయిందని సుంకులమ్మ ఊపిరి పీల్చుకుంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆమె పేరు వినిపించింది.

“సుంకీ! ఓ సుంకీ! గుక్కెడు నీళ్లు తేమ్మే. నాలిక పిడచగట్టింది.”

సుంకులమ్మ చెయ్యి కూతురి నోటి మీదికి పోయింది. గొంతు ఓబుళమ్మదే. కట్టుబాటులో చెప్పింది కూడా అదే కదా, ఎరిగిన గొంతుతోనే పిలుస్తుందని. ఆమె తలుపు సందులో కన్ను పెట్టి చూసింది. వాకిట్లో ఎవరూ లేరు. ఎండ, ఇసుక, వాడిపోయిన వేపమండలు. మనిషి లేకుండా గొంతు మాత్రం ఉంది.

“ఇంట్లో ఉండావు, నాకు తెలుసు. నీ నోరు అమ్మోరికి మొక్కుబడిగా ఇచ్చినావా ఏంది?”

నాగి తల్లి వేళ్ల సందులోంచి గుసగుసగా అడిగింది. “అమ్మా, మారెమ్మకు గూడా అవ్వ మాదిరి తిట్టేది వచ్చునా?”

“అన్నీ వచ్చు. నోరు మూసుకో.”

పిలుస్తున్నది ఓబుళమ్మ అయితే ఆమె చచ్చిపోతుంది. మారెమ్మ అయితే నాగి చచ్చిపోతుంది. సుంకులమ్మకు ఉన్న లెక్క ఇంతే. ఏ తల్లి అయినా ఆ లెక్క ఎటు తేలుస్తుందో చెప్పనక్కరలేదు.

కాసేపటికి పిలుపు మారింది. “నాగీ… ఒసే నాగీ…”

బిడ్డ పేరు వినగానే సుంకులమ్మ పాత గుడ్డపేలికలు తెచ్చి తలుపు సందులన్నీ కూరింది. వెలుతురు పోయింది. గొంతు పోలేదు. అది గుడ్డల్లోంచి, గోడలోంచి, నేలలోంచి వస్తున్నట్టే ఉంది. పోనుపోను అందులో మాటలు తగ్గాయి. ఊపిరి మాత్రం మిగిలింది.

అప్పుడు తలుపుకు వీపు ఆనించి కూర్చున్నది కూర్చున్నట్టే ఆమెకు కునుకు పట్టింది. కలలో ఆమె వీధిలో ఉంది. నోరెండిపోతోంది. ఒక్కొక్క వాకిలి ముందరా నిలిచి పేరు పెట్టి పిలుస్తోంది. ప్రతి తలుపు వెనకా మనుషులు ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నారని ఆమెకు తెలుస్తోంది. ఎవరూ పలకరు. చివరికి ఒక తలుపు దగ్గరికి వచ్చింది. దాని సందుల్లో గుడ్డలు కూరి ఉన్నాయి. పిలిచింది. లోపలి నుంచి “నోరు మూసుకో” అని తన గొంతే వినిపించింది.

ఆ గడప మీద ఒక ఆడమనిషి ముఖం మీదికి కొంగు లాక్కొని కూర్చుని ఉంది. కొంగు ఎర్రదని కొందరు చెబుతారు, నల్లదని కొందరు. ఆమె అన్న మాట మాత్రం అందరూ ఒకేలా చెబుతారు.

“పిలిచేది నేను కాదే. పలకని ఇండ్లల్లో నేనుంటా. ఈ ఇల్లు నాకు బాగుంది.”

సుంకులమ్మ ఉలిక్కిపడి లేచింది. బయట పిలుపు లేదు. ఇంతసేపూ ఏది ఆగిపోవాలని మొక్కుకుందో అది ఆగిపోయింది. ఇప్పుడు ఆ నిశ్శబ్దమే ఆమెను నిలవనీయలేదు. పొయ్యి మీద కాగిన గంజి ముంతలోకి వంచి, ఉప్పు వేసి, కూతురితో “గడియ పెట్టుకో, కదలొద్దు” అని చెప్పి తలుపు తీసింది. గడప మీద నిలిచి, కళ్లు మూసుకొని, గట్టిగా పలికింది.

“ఓయ్! వస్తాండా అత్తా!”

పలికి, చావు కోసం నిలబడింది. ఏమీ కాలేదు. బదులూ రాలేదు.

ఓబుళమ్మ తన వాకిట్లోనే, గడపకు అడ్డంగా పడి ఉంది. పాకుతూ అంతవరకే రాగలిగింది; సందులోంచి చూసిన కంటికి కనిపించనిది అందుకే. బట్టలు పాడయ్యాయి. పెదవులు పగిలి తెల్లబడ్డాయి. చెయ్యి సుంకులమ్మ ఇంటివైపు చాచి ఉంది. సుంకులమ్మ ఆమె తల ఒళ్లో పెట్టుకొని గంజి చుక్క చుక్కగా నోట్లో వేసింది. మొదట అది పెదవుల పక్క నుంచి జారిపోయింది. తర్వాత గొంతు కదిలింది. చాలాసేపటికి ముసలామె కళ్లు తెరిచింది.

“ఎవురి పడుగుకు కాచిన గంజే ఇది? నీళ్లకంటే పలచగా ఏడ్చింది.”

సుంకులమ్మ ఏడ్చింది. ఏడుస్తూ ఉండగానే వీధి చివర ఆగిపోయిన ఆ మగగొంతు గుర్తుకొచ్చింది. ముంతను ఓబుళమ్మ చేతికందేలా పెట్టి పరుగెత్తింది. దారిలో ఒక్కొక్క తలుపూ తట్టి పిలిచింది. కంబగిరిసెట్టి వాకిలి ముందర నిలిచి, “సెట్టిమామా, నేను సుంకిని! ఓబుళత్త బతికే ఉంది, రాండి!” అని అరిచింది. లోపల ఎవరో అతిసన్నగా అన్నారు. “వచ్చింది.”

వాళ్లకు తానే మారెమ్మనని సుంకులమ్మకు అప్పుడు అర్థమైంది. కలలో నడిచిన వీధి ఇదే. బిగబట్టిన ఊపిర్లు ఇవే.

లింగన్న తలుపు తెరిచే ఉంది. అతడు గడప మీద ద్వారబంధానికి ఆనుకొని, అన్న ఇంటివైపు ముఖం పెట్టి కూర్చుని ఉన్నాడు. పక్కన ఎండిపోయిన ముంత. ముఖం మీది ఈగలు లేవలేదు.

ఆమె వెనుదిరిగి ఇంటికి పరుగెత్తింది. తలుపు గడియ వేసి ఉంది.

“నాగీ, వాకిలి తీ.”

చప్పుడు లేదు.

“నాగీ, అమ్మనే! తీవే తల్లీ!”

సందుల నిండా ఆమె కూరిన గుడ్డలే. లోపల బిడ్డ ఊపిరి బిగబట్టి కూర్చుందో, ఊపిరే లేకుండా పడి ఉందో తెలియదు. జబ్బుకు పూట చాలునని ఎగువ ఊళ్ల కబురు. అమ్మ గొంతైనా పలకొద్దని సెట్టి చెప్పాడు. చెప్పినమాట వినమని బిడ్డ నోరు నొక్కింది తానే. సుంకులమ్మ గడప మీద కూలబడి, అరచేతులతో రాతిని కొడుతూ, పిలుస్తూనే ఉంది. గొంతు బొంగురుపోయింది. ఇక ఆ గొంతు ఆమెదని ఆమెకే తెలియడం లేదు.

అప్పుడు పక్క వాకిట్లోంచి ఒక పలుకు వచ్చింది.

“ఓయ్! నేనుండానే, సుంకీ.”

సుంకులమ్మ మళ్లీ నాగిని పిలిచింది. మళ్లీ ఓబుళమ్మే పలికింది. పిలిచిన ప్రతిసారీ, తన పేరు కాకపోయినా, ఆ ముసలి గొంతు పలికింది. ఉన్న కొద్దిపాటి శక్తితో తిట్టింది కూడా.

“ఒసే నాగీ, పలికి పలికి నా గొంతు పోతాంది. ఇన్నిసార్లు పలికితి, సచ్చినానా? తీవే వాకిలి, మొండిముండా!”

తలుపు వెనక చిన్న గొంతు, భయం భయంగా అంది. “ఓయ్.”

గడియ జారింది.

ఆ చిన్న పలుకు ఎదురింటివారు విన్నారు. అక్కడొక తలుపు కిర్రుమంది. మరొకటి. చాలాసేపటి తర్వాత కంబగిరిసెట్టి తన వాకిట్లోకి వచ్చాడు. తలపాగా లేదు, కళ్లు లోతుకు పోయాయి.

“ఓయ్, సుంకమ్మా,” అన్నాడు. “నిన్న మాపటి నుంచి మా ఇంట్లోది లేవడం లేదు. మాకూ గంజి కావాల.”

ఆ క్షణాన గత్తర ఊరు విడిచిపోయిందని చెప్పేవారు కొందరున్నారు. ఎక్కువమంది అలా చెప్పరు. జబ్బు ఇంకా కొన్నాళ్లుంది, ఇంకా కొందరు పోయారు. కాని ఆ పూట నుంచి వీధిలో ఒకే పొయ్యి మీద గంజి కాగింది. వీధివారు కాచిన నీళ్లు పంచుకున్నారు, పాడైన బట్టలు ఏటికి దూరంగా పూడ్చారు. ఒంట్లో నీరు పోయిన రోగికి ఉప్పు వేసిన గంజి ఆధారమవుతుందని నేటి వైద్యులూ ఒప్పుకుంటారు గనుక, ఈ భాగాన్ని నమ్మడానికి భక్తి అవసరం లేదు.

చివరికి జబ్బు సుంకులమ్మకూ తగిలింది. ఆమె బతికిందని ఏ కథనమూ చెప్పదు. ఆఖరి పూట ఆమె ఎవరెవరినో పిలిచిందట. భర్త ఇంకా ఏటి అవతలే ఉన్నాడు. ఆమె ఎవరి పేరు పిలిచినా, దగ్గరున్న వాళ్లెవరో ఒకరు “ఓయ్, ఉండా” అని పలుకుతూనే ఉన్నారట. ఎక్కువసార్లు పలికింది కంబగిరిసెట్టి అని ఓబుళమ్మ తర్వాత అందరికీ చెప్పేదట.

నాగి పెరిగి పెద్దదయ్యాక ఆ ఇంటి తలుపు ఊడబెరికి పొయ్యిలో పెట్టింది. తల్లి అరచేతులతో కొట్టిన గడపకు పసుపు పూసింది. అమ్మవారిని పలుకులమ్మ అని పిలిచిన మొదటి మనిషి ఆమే.

ఇప్పటికీ గుడికి వచ్చినవారు నేరుగా లోపలికి పోరాదు. బయట నిలిచి “అమ్మా” అని పిలవాలి. లోపల ఎవరున్నా, ముక్కూ మొహం ఎరగనివారైనా, “ఓయ్, ఉండా” అని పలకాలి. ఆ తర్వాతే గడపకు మొక్కడం. లోపల ఎవరూ లేకపోతే పక్కింటివారు పలుకుతారు. అంతవరకు ఎండలోనైనా నిలబడవలసిందే. ఒంటరిగా బతికేవారు, ఇంట్లో ఎవరైనా మంచం పట్టి ఉన్నవారు, అయినవాళ్లకు దూరమైనవారు ఇక్కడ మొక్కుకుంటే ధైర్యం కలుగుతుందని ప్రతీతి. మొక్కు చెల్లించడానికి టెంకాయ అక్కరలేదు. తమ ఊరికి పోయాక, రోజూ ఒక పొరుగింటివారిని పేరు పెట్టి పలకరించాలి. మొక్కు అంతే.

నేతవీధిలో మాత్రం ఆచారం ఇంకా కఠినం. పొద్దున్నే మగ్గం గుంతలో దిగగానే ప్రతి ఇంటివారూ పక్కింటి పేరు పిలుస్తారు. పలుకు వచ్చాకే, పోగును అటూ ఇటూ నడిపే నాడె విసురుతారు. పిలుపూ పలుకూ అలా ఒక చివర నుంచి మరో చివరకు సాగిపోతాయి. చాలా రోజులు అది వినీ విననట్టు జరిగిపోతుంది. కొన్ని ఉదయాల్లో ఒక పలుకు ఆలస్యమవుతుంది. అప్పుడు వీధి మొత్తం నిశ్శబ్దమైపోతుంది. ఆ కాస్తసేపూ ఇక్కడివారి ముఖాల్లో కనిపించే భయం పాతదే, ఏమీ తగ్గలేదు. రెండోసారి పిలవరు. గుంతల్లోంచి లేచి, చేతిలోని నాడె వదిలేసి, ఆ ఇంటివైపు పరుగెత్తుతారు.