అలుగుపిల్ల ఆకలి

ఔబళాచార్యులవారు నల్లమల అంచున పాఠశాల నడిపేవారు. జీవుల పాఠం వచ్చినప్పుడు ఆయన తాళపత్రం విప్పేవారు కారు. శిష్యులను వెంటబెట్టుకుని అడవిలోకి వెళ్ళేవారు. ఒకనాడు కొమ్మన అనే శిష్యుడు విసుగ్గా అడిగాడు: "గుడ్డు నుంచి పుట్టేవేవో, గర్భం నుంచి పుట్టేవేవో పెద్దలు గుర్తులతో సహా చెప్పే ఉన్నారు కదా స్వామీ! మళ్ళీ ప్రతిదాన్నీ మనం కళ్ళతో చూడడమెందుకు?"

ఆచార్యులు అడవిదారిన ముందుకు నడిచారు.

ఆ వారంలోనే పెద్ద వాన పడి పాఠశాల వెనక గట్టు కూలింది. కూలిన బొరియలోంచి చీమలు, చెదలు తిని బతికే ఒక అలుగు, దాని పిల్ల బయటపడ్డాయి. ఒళ్ళంతా పొలుసులు, పొడుగాటి తోక. శిష్యులెవరూ అంతకుముందు అలుగును చూసినవారు కారు. వాన వెలిసేదాకా వాటిని కనిపెట్టి ఉండమని ఆచార్యులు కొమ్మనకు చెప్పారు.

కొమ్మన ఒక్కచూపులో తేల్చేశాడు. "పొలుసులున్నాయి. పాములు, ఉడుముల కోవలోదే. గుడ్డు పగిలిన నాటి నుంచీ పిల్ల బతుకు పిల్లదే" అన్నాడు. తల్లి తొక్కేస్తుందేమోనని పిల్లను వేరే గంపలో పెట్టాడు. చీమలు, చెదపురుగులు తెచ్చి వేశాడు. పిల్ల వాటిని ముట్టలేదు. మర్నాటికి తల వాల్చేసింది. తల్లి తన గంపను గీకి గీకి గోళ్ళు నెత్తురు చేసుకుంది.

కొమ్మన హడలిపోయి గురువు దగ్గరకు పరుగెత్తాడు. "మేత పెట్టినా తినడం లేదు స్వామీ! చచ్చిపోయేలా ఉంది."

"తల్లిని పైనుంచే చూశావా, కిందా చూశావా?" అన్నారాయన.

కొమ్మన వెళ్ళి తల్లి గంప మూత తీశాడు. అది వెనక కాళ్ళ మీద లేచి నిలబడింది. పొట్ట మీద పొలుసులు లేవు, పలచని వెంట్రుకలున్నాయి. రొమ్ము దగ్గర ఆ వెంట్రుకలు పాలతో తడిసి అంటుకుపోయి ఉన్నాయి. గబగబా పిల్లను తెచ్చి పక్కన పెట్టాడు. తల్లి దాన్ని పొట్టకు లాక్కుని చుట్టూ ముడుచుకుంది. కాసేపటికి లోపలినుంచి పాలు చప్పరిస్తున్న సవ్వడి వినిపించింది. కొమ్మన అక్కడే కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

ఆచార్యులు వచ్చి వెనక నిలబడ్డారు.

"ఆ పొలుసులు నన్ను మోసం చేశాయి స్వామీ" అన్నాడు కొమ్మన.

ఆచార్యులు అతని భుజం మీద చెయ్యి వేశారు. "పొలుసులు అబద్ధమాడలేదు నాయనా. అవి చెప్పడం మొదలుపెట్టాయి. చివరిదాకా వినకుండా నువ్వే లేచి వెళ్ళిపోయావు" అన్నారు.