బొల్లి కోరి తెచ్చుకున్న నట్టలు

ఎర్రగుట్ట కింద కొమరెల్లి అనే కాపరి గొర్రెల మంద మేసేది. ఆ మందలో బొల్లిని మించిన గొర్రె లేదు. ఈ మాట ఎవరో అన్నది కాదు, బొల్లే అనుకునేది. నున్నటి ఒళ్లు, నిండు పొదుగు, వెన్నముద్దలాంటి పిల్ల. కాపరి చెయ్యి ముందు తన వీపు మీద పడాలి, తర్వాతే ఇంకెవరి మీదైనా.

అలాంటిది, ఆ వానాకాలం కొమరెల్లి చెయ్యి చుక్క మీద పడింది.

చుక్క బక్క గొర్రె. కవలల్ని ఈని మరీ చిక్కిపోయింది. ఓ పొద్దున కొమరెల్లి ఒక్కో గొర్రెనూ పట్టుకుని కింది కనురెప్ప లాగి చూశాడు. బొల్లి రెప్ప లోపల దానిమ్మ గింజలా ఎర్రగా ఉంది. "నీకేం, మహారాణివి! పో" అని వదిలేశాడు. చుక్క రెప్ప సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. దాన్ని పట్టుకుని కూర్చుని నట్టల మందు తాగించాడు. పైగా గుప్పెడు ఉడికించిన ఉలవలు తినిపించాడు.

ఉలవల వాసనకి బొల్లి గుండెలో నిప్పు రాజుకుంది. తిన్నగా ముసలి పొట్టేలు దగ్గరికి వెళ్లింది.

"చూశావా తాతా? మహారాణిని నేనట, ఉలవలు దానికట!"

"అది తాగింది పాయసం కాదే, మందు" అన్నాడు పొట్టేలు నెమరు ఆపకుండా. "కడుపులో నట్టలు, అంటే పురుగులు, చేరి నెత్తురు పీల్చేస్తే రెప్ప అలా తెల్లబడుతుంది."

"అయితే అందరికీ పొయ్యొచ్చుగా? నేనేం తప్పిపోయి వచ్చిన గొర్రెనా?"

"వాగవతలి మందలో అలాగే పోశారు. రోగం ఉన్నా లేకపోయినా అందరికీ, అస్తమానూ. మెత్తటి నట్టలు చచ్చాయి, మొండివి మిగిలాయి. పచ్చిక నిండా వాటి సంతానమే. ఇప్పుడు సీసాలకి సీసాలు పోసినా ఒక్కటీ చావదు. నీలాంటి గట్టిదాని కడుపులోనూ కాసిని నట్టలుంటాయి. అవి మందు రుచి ఎరగవు. అలాంటివాటి గుడ్లు పెంటికలతో పడి పచ్చికలో కలుస్తుంటేనే మొండివాటి బలం పెరగదు, అవసరమైనప్పుడు మందు పనిచేస్తుంది."

"అంటే నా కడుపు నట్టలకి సత్రమా!" అని బొల్లి మూతి తిప్పుకుని పోయింది. మంట ఉన్నచోట మంచిమాట నిలవదు.

ఆ ముడుచుకున్న మొహాన్ని దూరం నుంచి ఓ నక్క కనిపెట్టింది. బొల్లి పిల్ల మీద దానికి ఎన్నాళ్లుగానో కన్ను, కానీ కొమరెల్లి వేటకుక్కంటే భయం. పైగా మొన్నోసారి దగ్గరికొస్తే బొల్లి పొడిచిన పోటుకి డొక్క ఇంకా నొప్పిగానే ఉంది. అందుకే ఈసారి తేనె పూసుకుని వచ్చింది.

"ఏం వదినా, నీ అందానికి ఆ దిగులేంటి?"

బొల్లి మనసులోదంతా కక్కేసింది. నక్క "అయ్యో, అయ్యో" అంటూ విన్నది.

"ఇంతేనా? రెప్ప తెల్లబడితే ఉలవలు నీవేగా. కుంట పక్కన పల్లంలో గడ్డి ఉంది చూడు, మంచు ఆరకముందే దాన్ని మొదలంటా మెయ్యి."

"అక్కడా? తడి గడ్డి పరకలెక్కి నట్టల పిల్లలు కూర్చుంటాయనేగా, ఎండెక్కేదాకా మమ్మల్ని ఆ దరికి పోనివ్వరు!"

"బక్కవాళ్లకి భయం. నీలాంటి దిట్టని ఏం చేస్తాయి? రెప్ప తెల్లబడుతుంది, మందు పడుతుంది, అవి చస్తాయి. ఉలవలు మిగులుతాయి."

పొరుగింటి పుల్లకూర రుచి. మంద గుట్టెక్కుతుంటే బొల్లి వెనకబడి పల్లంలోకి దిగేది. రోజూ అదే పని.

వానలు వెనకపట్టేసరికి బొల్లి దవడ కింద నీరు దిగింది, నడుస్తుంటే కాళ్లు వణికాయి. కొమరెల్లి రెప్ప లాగి చూసి అదిరిపడ్డాడు. మందు పోశాడు, దోసెడు ఉలవలు ముందు పెట్టాడు. తేరుకున్న చుక్కకి ఈసారి ఏమీ పెట్టలేదు. బొల్లి గర్వంగా చుక్క వైపు చూసి ఉలవలు నోట పెట్టుకుంది. మట్టి నమిలినట్టుంది. మింగుడుపడలేదు.

అది చాలదన్నట్టు పాలు ఎండిపోయాయి. పిల్ల పొదుగుని కుమ్మి కుమ్మి, అరిచి అరిచి, చివరికి చుక్క దగ్గరికి పరిగెత్తింది. చుక్క కాదనలేదు. తన కవలల పక్కనే చోటిచ్చింది.

నా పిల్ల, దాని పొదుగు కింద! లేచి చుక్కని పొడవాలనుకుంది బొల్లి. కాళ్లు లేవలేదు.

చుక్కే దగ్గరికొచ్చింది. "కోపం పెట్టుకోకక్కా. ఆకలి తీరాలిగా దానికి. నీకు పాలు దిగితే అదే వస్తుంది."

బొల్లికి కన్నీళ్లాగలేదు. "నీ గుప్పెడు ఉలవలు చూసి ఓర్వలేక, కోరి పల్లం గడ్డి మేశానే."

"నీ ఎర్ర రెప్ప చూసి నేనెంత కుళ్లుకున్నానో నీకేం తెలుసు" అంది చుక్క.

ఓ మధ్యాహ్నం బొల్లి కానుగ నీడలో ఒంటరిగా పడుకుని ఉంటే నక్క వచ్చింది. ఈసారి వంగలేదు, దాక్కోలేదు.

"మందు దక్కిందిగా వదినా! ఇక నా కూలి. పిల్ల ఏది?"

అప్పటికి గానీ బొల్లికి అసలు సంగతి తలకెక్కలేదు. పొడవడానికి సత్తువ లేదు. అరిస్తే నక్క ఇవాళ పారిపోయి, రేపు పిల్ల కోసం మళ్లీ వస్తుంది. నక్క తన దగ్గర నమ్మేది ఒక్కటే, ఆ పాత మంట. దాన్నే ఎగదోసింది.

"నా పిల్లా! నన్నొదిలేసి ఆ చుక్క పంచన చేరింది. దాన్ని చూస్తేనే నాకు ఒళ్లు మండుతోంది. తీసుకుపో. చుక్క కవలల్నీ తీసుకుపో, అప్పుడు గానీ నా కడుపు చల్లబడదు! అదిగో ఆ తంగేడు పొద వెనక మూడూ నిద్రపోతున్నాయి. చప్పుడు చెయ్యక, ఒక్క దూకు దూకు."

కుళ్లుబోతు మాటని నక్క అనుమానించలేదు. పెదాలు నాక్కుంటూ పొద మీదుగా దూకింది.

పొద వెనక నిద్రపోతున్నది, బొల్లికి తెలిసినట్టే, కొమరెల్లి వేటకుక్క. నక్క గుట్ట దాటిందేమో గానీ, దాని చెవి ఒకటి కుక్క నోట్లోనే ఉండిపోయింది.

పక్కవాడి మందుకి ఆశపడేవాడికి ముందుగా దక్కేది వాడి రోగమే.