నీలవేణి బొంత

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే అలాంటి ఇలాంటి ఊరు కాదే బంగారూ, కొండ కింద చలి ఊరు. కాళ్ళు దుప్పట్లోకి లాక్కో, చెబుతాను. ఈ కథ చెప్పేటప్పుడు నాకు కోపం వస్తుంది. వస్తే రానీ.

ఆ ఊళ్ళో బిడ్డ పుడితే పాత చీరలు పొరలు పొరలుగా పరిచి బొంత కుట్టేవాళ్ళు. మగపిల్లాడైతే రంగు గుడ్డతో అక్షరాలు కత్తిరించి దాని మీద వాడి పేరు కుట్టేవాళ్ళు. ఆడపిల్లయితే? బొంత ఉంటుంది, పేరు ఉండదు. ఇంకో ఇంటికి పోయే పిల్లకి పేరెందుకు అనేవాళ్ళు. పోయేదాకా ఆ పిల్లని ఏమని పిలిచారో మరి!

ఆ ఊళ్ళో సన్యాసమ్మ అని ఒక కోడలు. ఆమెకి కూతురు పుట్టింది. నీలవేణి అని పేరు పెట్టుకుంది. అప్పుడు తన సీమంతం చీర, ఎర్రటిది, దాని కొంగు కత్తిరించి అక్షరాలు చేసింది. మన అక్షరాలన్నీ గుండ్రాలే కదా, మలుపు మలుపుకీ అంచు లోపలికి మడవాలి. లేకపోతే పోగులు లేచిపోతాయి. పాప నిద్రపోయినప్పుడల్లా కూర్చుని కుట్టింది.

అప్పుడు మామగారు సింహాచలం చూశాడు. "ఏటే ఇది? ఆడపిల్ల బొంత మీద పేరేటి? ఊరు నవ్వదా?" అన్నాడు. పాపని పక్కకి దొర్లించి మరీ, బ్లేడు పెట్టి అక్షరాలన్నీ పీకేశాడు.

ఆ తర్వాత సన్యాసమ్మ తన పచ్చ పట్టు రవికె కత్తిరించి మళ్ళీ కుట్టింది. మళ్ళీ పీకేశాడు. మొగుడేం చేశాడంటావా? అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చుకున్నాడు. వాడి సంగతి ఎత్తకు, నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ తర్వాత చలికాలం వచ్చింది. మామగారి బొంత చిరిగిపోయింది. "కోడలా, నాకో పెద్ద బొంత కుట్టు" అన్నాడు. ఆ నోటితోనే అన్నాడు! "అలాగే మావయ్యా" అంది సన్యాసమ్మ.

బొంతంతా వరసలు వరసలుగా కుడితేనే కదా పొరలు కదలకుండా ఉండేది. ఆమె ఒక్క వరసా వెయ్యలేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా నీలవేణి అని పెద్ద పెద్ద అక్షరాలు పరిచింది. సూదిని అడుగు చీర దాకా దింపి, ఆ అక్షరాల అంచుల వెంటే కుట్టింది. పొరలన్నిటినీ పట్టుకుని ఉన్నది ఆ పేరొక్కటే.

మామగారు చూశాడు. ముఖం మాడిపోయింది.

"పీకండి మావయ్యా, మీకు అలవాటే కదా. పేరు ఊడితే బొంతా ఊడిపోద్ది. ఆనక నన్ననొద్దు" అంది సన్యాసమ్మ.

వింటాడా? రోషం కొద్దీ మూడోసారీ పీకేశాడు. అప్పుడు ఏ చీరకి ఆ చీర జారిపోయి, బొంత కాస్తా పాత గుడ్డల కుప్ప అయింది. తెల్లారేసరికి ముసలాడికి పళ్ళు టకటకలాడాయి.

"అమ్మా కోడలా, మళ్ళీ కుట్టవే" అన్నాడు.

"ఇదిగో సూది. ముందు నా కూతురి బొంత మీద పేరు కుట్టండి. పీకిన చేత్తోనే కుట్టాల. ఆనక మీ బొంత సంగతి చూద్దాం" అంది.

అప్పుడు కూర్చున్నాడు అరుగు మీద, వీధంతా చూస్తుండగా. వేళ్ళు పొడుచుకున్నాడు. వంకరటింకరగా కుట్టాడు. సన్యాసమ్మ చూసి, "బాగా లేదు, విప్పి మళ్ళీ కుట్టండి" అంది. విప్పి మళ్ళీ కుట్టాడు.

అయితే ఆ తాత మంచోడైపోయాడా అంటావా? ఏం మంచోడే! మంచితనం పుట్టి కుట్టలేదు, చలి పుట్టి కుట్టాడు. నాకు ఇప్పటికీ వాడి మీద కోపమే. అయితేనేం, పేరు పడింది. ఆ చలికాలమంతా నీలవేణి తన పేరు మీద తాను వెచ్చగా పడుకుంది.

కథ వెళ్ళింది కంచికి,
మనం చేరాం మంచానికి,
పేరు పీకిన చేతికి
సూది పోట్లే ఆఖరికి!