గట్లు తీసేసిన ఖరీఫ్

కొండ మీద జరిగిన సంగతులు తెలుసుకోవాలంటే అందరూ నక్కని అడుగుతారు. నక్క దొరక్కపోతే కాకిని అడుగుతారు. గొర్రెని అడిగినవాళ్ళు ఇప్పటిదాకా లేరు. నేను గొర్రెని. అడక్కపోయినా చెబుతాను, ఎందుకంటే ఈ కథలో అందరికంటే ఎక్కువ తలూపింది నేనే.

మా తుమ్మెదకొండ మీద జంతువులన్నీ చేలు చేసుకునే బతుకుతాం. కొండ కదా, చేలన్నీ మెట్లుమెట్లుగా ఉంటాయి. అన్నిటికంటే పైన మేక వదిన సామల చేను. దాని కింద నా చోళ్ళ చేను, చోళ్ళంటే రాగులు. నా కింద పంది మావ కందులు. అందరికంటే కింద, గెడ్డ అనే కొండవాగు ఒడ్డున, నల్లప్ప మడి. నల్లప్ప అంటే గేదె. ఆమె మడిలో పంట ఉండదు, బురద ఉంటుంది. ఆ బురదలో నల్లప్ప ఉంటుంది. ఆమె మడికి తప్ప మా చేలన్నిటికీ కింది అంచున రాతి గట్లుండేవి. ఎవరు కట్టారో మాకు తెలీదు, మా తాతలకీ తెలీదు. తెలీనివాటిని గౌరవించే అలవాటు మాకు మొదట్నుంచీ లేదు.

నక్క బావకి చేను లేదు. మరి ఆయనకి మా చోళ్ళతో పనేమిటంటారా, చోళ్ళకి ఎలకలొస్తాయి, ఎలకలకి ఆయనొస్తాడు. పంట పెరిగితే ఎలకలు పెరుగుతాయి. అందుకని మా పంట గురించి మాకంటే ఆయనకే బెంగ ఎక్కువ.

వైశాఖంలో కింద ఊళ్లో వ్యవసాయ సదస్సొకటి జరిగింది. షామియానా వెనక విస్తరాకుల్లో కోడి ఎముకలు ఏరుకుంటూ నక్క బావ రెండు ఉపన్యాసాలు విన్నాడు. ఎముకలు అరిగాయి గాని ఉపన్యాసాలు అరగలేదు. మర్నాడు పొద్దున్నే మమ్మల్నందర్నీ పంది మావ చేలో కూర్చోబెట్టాడు.

"ఈ ఖరీఫ్‌కి మన కొండ ఉత్పత్తి రెట్టింపు కావాలి" అన్నాడు.

"కరీపంటే ఏటి బావా?" అన్నాను.

"వానాకాలం పంట."

"మరి వానాకాలం పంటనే అనొచ్చు కదా."

"అలా అంటే పెరగదు."

నాకు నిజమే అనిపించింది. ఇన్నేళ్ళూ వానాకాలం పంట అనే అన్నాం, ఏనాడూ పెరగలేదు మరి.

పంది మావ ముట్టె ఎత్తాడు. "గొర్రె తోక ఎప్పుడూ బెత్తెడే బావా. ఈ కొండకి ఇంతే పండతాది" అని నా తోక వైపు చూశాడు. లోకంలో ఇన్ని తోకలుండగా సామెతకి నాదే దొరికింది.

"నేల ఇంతే ఉంటే పంట ఇంతే ఉంటుంది. నేల పెంచుదాం" అన్నాడు నక్క బావ.

"నేలెలాగ పెరగతాది?"

నక్క బావ లేచి గట్టెక్కాడు. ఈ చివరినుంచి ఆ చివరికి నడిచాడు. తోక చాపి గట్టు వెడల్పు కొలిచాడు. "చూశారా? నా తోకంత వెడల్పు. కొండ పొడుగునా ఇలాంటి గట్లే. వీటి మీద ఒక్క గింజ పండుతోందా? మీరు రాళ్ళని మేపుతున్నారు. గట్లు తీసేస్తే ఇదంతా చేనే. చేలన్నీ కలిసిపోతాయి, పైనుంచి కిందికి సూటిగా దున్నుకోవచ్చు."

కిందికి దున్నడం అనేసరికి పంది మావ చెవులు లేచాయి. మా కొండకి నాగలంటే ఆయన ముట్టే. ఇన్నాళ్ళూ అడ్డంగా దున్నలేక ఆయన నడుం పడిపోయేది. "కిందికయితే పడుకోని కూడా దున్నేత్తాను" అన్నాడు. అదే ఆయన సమ్మతి.

మేక వదిన ఒక్కతే అడ్డం పడింది. "గట్లు తీడానికి నానొప్పుకోను."

"ఎందుకు?"

"గట్టు మీద గడ్డి నాను మేత్తన్నాను."

మేం పడీపడీ నవ్వాం. ఊరంతా ఒకదారి, ఉలిపికట్టెది ఒకదారి అన్నాడు పంది మావ. గట్టు ఉండాలన్న మాట ఆ రోజు ఒక్క నోటనే వచ్చింది, అదీ గడ్డి కోసం వచ్చింది. మంచి మాట తిండియావతో వస్తే వినకపోవడం, చెడ్డ మాట ఉపన్యాసంగా వస్తే వినడం మా కొండాచారం.

"సామలు రెట్టింపైతే సామగడ్డి రెట్టింపు కాదా వదినా" అన్నాడు నక్క బావ. మేక వదిన కొంచెం మెత్తబడింది. కానీ ఇంకో మెలిక పెట్టింది. "గట్లు నేకపోతే ఏ సేను ఎవలదో ఎలాగ తెలుత్తాది?"

"దానికేముంది? ఎవరి చోట పెరిగింది వాళ్ళది. ఇంకొకళ్ళు మూతి పెట్టకూడదు. కొండదేవత మీద ఒట్టేసుకుందాం."

పంది మావ వెంటనే ఒట్టేశాడు. గాలికి నా చోళ్ళు నాలుగు తన చేలో రాలకపోవని ఆయన ఆశ. మేక వదిన వేసింది, పైన ఉన్నదాన్ని నన్నెవరు దోచుకుంటారులే అని. అందరూ వేశారు కాబట్టి నేనూ వేశాను. గొర్రెకి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

ఇక తీసిన రాళ్ళు ఎక్కడ పడేయాలన్నది మిగిలింది. "నల్లప్ప మడిలో" అన్నాడు నక్క బావ గొంతు తగ్గించి. "అక్కడ ఎలాగూ పంట లేదు. మీరు మాట్లాడకండి, నేను ఒప్పిస్తాను."

అందరం దిగి వెళ్ళాం. నల్లప్ప మెడదాకా బురదలో కూరుకుని కళ్ళు మూసుకుని నెమరేస్తోంది.

"అప్పా, నీకో కానుక ఇద్దామని వచ్చాం" అన్నాడు నక్క బావ.

"తినీదేనా?"

"రాళ్ళు. రాళ్ళుంటే ఎండాకాలం బురద చల్లగా ఉంటుంది. కొండ మీద గట్లన్నీ తీసేస్తున్నాం, ఆ రాళ్ళన్నీ నీకే. మేమే మోసుకొచ్చి పడేస్తాం."

నల్లప్ప ఒక కన్ను తెరిచింది. కొండ వైపు చూసింది. మళ్ళీ మా వైపు చూసింది. "గట్లన్నీ తీసేత్తారా?"

"అన్నీ."

"అలగయితే బురదలో పడీకండి, నాను పడుకునీ సోటు. గెడ్డ వార, నా మడి అంచున వరసగా పేర్చండి. ఈపు రాసుకోడానికి నాకో సెట్టయినా నేదు."

"ఎంత ఎత్తు?"

"నా ఈపంత."

నక్క బావ వెనక్కి తిరిగి మాకు కన్ను గీటాడు. మనం చెత్త వదిలించుకుంటుంటే ఇది వీపు గోక్కోడానికి గోడ కట్టించుకుంటోంది, గేదె బుద్ధి గేదెదే అని ఆ కన్ను అర్థం. మేం నవ్వాపుకోలేక చచ్చాం.

జ్యేష్ఠమంతా రాళ్ళు మోశాం. నా వీపు మీద ఉన్ని అంతా ఊడిపోయింది. నల్లప్ప రోజూ వచ్చి గోడకి ఒళ్ళు ఆనించి అటూ ఇటూ రుద్దుకుని, "ఇక్కడ కదల్తంది, సన్నరాయి దూర్చండి" అనేది. దూర్చేవాళ్ళం. "ఇక్కడ సందుంది" అనేది. పూడ్చేవాళ్ళం. మా సొంత గట్లు కూలితే ఏనాడూ ఒక్క రాయి ఎత్తిపెట్టనివాళ్ళం, పక్కదాని వీపు దురదకి మాత్రం ముచ్చటైన గోడ కట్టి పెట్టాం.

తర్వాత పంది మావ పైనుంచి కిందికి సూటిగా దున్నాడు. దున్నాడనేకంటే జారాడనడం న్యాయం. కొండంతా తల దువ్వినట్టు తయారైంది. నక్క బావ ఎదురు కొండెక్కి చూసుకుని మురిసిపోయాడు.

నా దగ్గర చోళ్ళ విత్తనాలు ఒక్క బుట్టెడుండేవి. ఎండల్లో గడ్డి మాడిపోయినప్పుడు నా పిల్లలిద్దరూ ఆ బుట్ట చుట్టూ తిరిగి ఏడ్చారు, అయినా ముట్టనివ్వలేదు. దసరా దాటాక మేం తినాల్సింది ఆ పంటే, అది లేకపోతే ఇంకేం లేదు. ఏటా బుట్ట అడుగున కొన్ని గింజలు దాచుకునేదాన్ని. ఈసారి పెరిగిన నేలకి చాలవేమోనని అవి కూడా దులిపి చల్లేశాను. దాచుకోవడం పాతకాలపు పిరికితనమని నక్క బావ అన్నాడు. నేను పాతకాలపుదాన్ని అనిపించుకోవడం ఇష్టంలేక దులిపాను.

తొలి చినుకులకి మొలకలు బాగానే వచ్చాయి. కొండంతా పచ్చగా, ఎక్కడా అడ్డంలేకుండా, కళ్ళకి పండగలా ఉంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పంది మావ అప్పుడే కందులు దాచుకోడానికి పాతర తవ్వాడు. నక్క బావ సాయంత్రాలు చేల మధ్య పచార్లు చేస్తూ, ఏ కలుగులోంచి ఎలక వస్తే ఎటునుంచి దూకాలో సాధన చేసేవాడు.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం అసలు వాన పట్టుకుంది. కొండ మీద వానంటే తెలిసిందే, కురవడం కాదు, కుమ్మరించడం. సూటిగా దున్నిన సాళ్ళన్నీ కాలవలైపోయాయి. ముందు మేక వదిన సామలు నా చేను మీంచి పోయాయి. సామల వెనకాలే మేక వదిన అరుపులు వచ్చాయి. ఆ వెంటనే నా కాళ్ళ కింద నేల కదిలింది. మొలకలు మొలకలుగానే, మట్టితో సహా, చాప లాగేసినట్టు జారడం మొదలుపెట్టాయి.

నేను పరిగెత్తుకెళ్ళి చేను కింది అంచున, గట్టు ఉండే చోట, అడ్డంగా పడుకున్నాను. కాసిన్ని మొలకలైనా ఆగుతాయేమోనని. గొర్రె గట్టు కాలేదని అప్పుడే తెలిసింది. నీళ్ళు నా మీంచి పోయాయి, పక్కనుంచి పోయాయి, పొట్ట కింద నుంచి కూడా పోయాయి. పిల్లలు గుర్తొచ్చి బిగ్గరగా ఏడ్చాను. నాకు అంత దుఃఖం ఎప్పుడూ రాలేదు.

కిందన నల్లప్ప ఉంది. దున్నపోతు మీద వాన కురిసినట్టు అంటారు కదా, ఆడదైనా నల్లప్ప ఆ సామెతకి ఏ లోటూ రానివ్వలేదు. మా సామలు, చోళ్ళు, కందులు, మట్టి అన్నీ వచ్చి ఆమె మడిలో పడుతుంటే కదలకుండా నెమరేస్తూ కూచుంది. అన్నీ గోడ దాకా వెళ్ళి ఆగిపోయాయి. సన్నరాళ్ళు దూర్చి సందులన్నీ పూడ్చింది మేమే కదా, నీళ్ళు మెల్లగా కారి గెడ్డలోకి పోయాయి, మట్టి చెంచాడు కూడా పోలేదు.

వాన వెలిశాక మా కొండ మీద బండలు తప్ప ఏమీ మిగల్లేదు. నా చేనున్న చోట నున్నటి నల్లబండ, దాని మీద నేను.

భాద్రపదం వచ్చేసరికి నల్లప్ప మడి ఎలా ఉందంటే, కొట్టుకొచ్చిన మొలకలన్నీ వేళ్ళు తన్నుకుని, చోళ్ళూ సామలూ కందులూ కలగాపులగంగా, నా తల మునిగే ఎత్తున నిలబడ్డాయి. నక్క బావని ముందు పెట్టుకుని అందరం వెళ్ళాం.

"అప్పా, ఆ చోళ్ళు గొర్రెవి. సామలు మేకవి. కందులు పందివి. నీకు తెలియనిదేముంది" అన్నాడు నక్క బావ ఎంతో మర్యాదగా.

"ఎవల మడిలో పెరిగినాయి?" అంది నల్లప్ప.

పంది మావ నా వెనక్కి జరిగాడు.

"మీరొట్టేసినపుడు నాకు ఇక్కడికే ఇనబడింది. గట్టిగా ఏసినారు."

"అయితే నీకు ముందే తెల్సా?" అన్నాను నేను, ఆగలేక.

"గోడుంటే బురద నిలత్తాదని తెల్సు. ఎంత బురదొత్తాదో, గట్లన్నీ తీసేత్తామని మీ నక్క సెప్పినపుడు తెలిసింది."

"మరి మాకు సెప్పనేదేం?"

"నన్నడిగినారేటి? గోడెంత ఎత్తని అడిగినారు. సెప్పినాను."

నక్క బావ గొంతు సవరించుకున్నాడు. "పోనీ పంట నీదే. మట్టి మాది. మా మట్టి మాకిచ్చెయ్యి."

"ఎత్తుకుపోండి. నానొద్దన్నానేటి?"

పంది మావకి తిండి విషయంలో బుర్ర బాగా పనిచేస్తుంది. "మట్టొక్కటీ ఎత్తుకెళ్తే ఆ ఏటవాల్లో ఆగతాదేటప్పా? రాళ్ళు కూడా కావాల" అన్నాడు.

"రాళ్ళివ్వను" అంది నల్లప్ప, గోడకి వీపు ఆనించి ఒకసారి అటూ ఒకసారి ఇటూ రుద్దుకుంటూ. "దురద." కాసేపు నెమరేసి, "కోతలకి రండి. కూలి గింజలిత్తాను" అంది.

వెళ్ళాం. వెళ్ళక చేసేదేముంది? దసరా తర్వాత నా పిల్లలు తిన్నది నా చేతుల మీదుగా చల్లిన చోళ్ళే, కాకపోతే నల్లప్ప పెట్టిన కూలిగా తిన్నారు. పెట్టినప్పుడల్లా ఇద్దరూ ఆమెకి దండం పెట్టారు. నేనే పెట్టమన్నాను.

కోతలయ్యాక నక్క బావ ఆ గోడెక్కి నిలబడ్డాడు. "మొత్తం కొండని ఒక్కటిగా చూస్తే ఈ ఖరీఫ్‌లో ఉత్పత్తి రెట్టింపైంది. ప్రణాళిక గెలిచింది" అన్నాడు.

అబద్ధం కాదు. కుప్పలు చూస్తే రెట్టింపే. అన్నీ ఒక్క మడిలో ఉన్నాయంతే.

"మరి నీ ఎలకలేవి బావా?" అంది మేక వదిన.

నక్క బావ పక్కటెముకలు లెక్కపెట్టేట్టు చిక్కిపోయి ఉన్నాడు. బురదనేలలో ఎలకలు కలుగులు పెట్టవు. అక్కడ ఉండేవి కప్పలు. ఆయనకి కప్పలు పడవు. "అది రబీ ప్రణాళికలో ఉంది" అన్నాడు చివరికి, దిగి గెడ్డలోకి పీతల కోసం పోయాడు.

మేం ఇప్పుడు గట్లు కడుతున్నాం, మట్టి మోత ఆ తర్వాత. మా పాత రాళ్ళు నల్లప్ప ఇవ్వదు కాబట్టి గెడ్డలోంచి కొత్తవి ఏరి పైకి మోస్తున్నాం, కూలి కిందిచ్చిన గింజల్లో సగం తిని, సగం విత్తనానికి దాచి, ఒక్కో రాయి మీద ఒక్కో రాయి. కిందికి దింపినప్పుడు రాళ్ళు ఇంత బరువున్నట్టు నాకు గుర్తు లేదు.

గట్టు తినేది జానెడు నేల, గట్టు లేని వాన తినేది చేనంతా.