ఉమ్మెత్త వంశం

మీరు ఆ దారినే వచ్చారు కదా, పీకి పడేసిన వంగతోటలో ఏం చూశారో చెప్పండి! ఎండిన మొక్కలేనా? అది ఆ తోట వేసుకున్న సుంకులమ్మ బిడ్డల కూడు.

ఉమ్మెత్త కాయ తిని రాజుగారి కొడుకు చచ్చిపోయాడు. ఆ దుఃఖంలో రాజు ఉమ్మెత్తనే కాదు, దాని వంశాన్నంతా పెరికేయమన్నాడు. ఆస్థాన పండితుడు ఆకులు నూరి, వాటి డీఎన్‌ఏ బార్‌కోడ్ చదివి, ఉమ్మెత్తతో ఒకే మూలం నుంచి పుట్టిన మొక్కలేవో తేల్చాడు. వాటిలో వంగ ఉంది. భటులు తోట మీద పడ్డారు.

సుంకులమ్మ కొలువుకు పరుగెత్తి, నలిగిన ఆకు తునకొకటి పండితుడి చేతిలో పెట్టింది. "అయ్యా, దీని వంశం కూడా చూడండి."

పండితుడు చదివాడు. "ఇదీ ఉమ్మెత్త వంశమే ప్రభూ!"

రాజు చుట్ట పొగ వదులుతూ గర్జించాడు. "ఎక్కడున్నా పీకేయండి!"

"అయితే తమరి నోట్లోంచే మొదలుపెట్టమనండి దొరా. అది తమరు పారేసిన చుట్టలోని పొగాకే," అంది సుంకులమ్మ.

రాజు నోట్లోని చుట్ట తీసేశాడు. "పుట్టుకను బట్టి శిక్షించొద్దు. ఆపండి," అన్నాడు.

అప్పటికే తోట నేలమట్టమైంది. సుంకులమ్మ మళ్లీ నారు పోసింది. అది కాపుకొచ్చేదాకా ఆ బిడ్డలకు కూడు ఎవరు పెట్టాలి, మీరే చెప్పండి?